పని పేరు మారితే కూలి మారుతుంది

పొద్దున ఏడింటికి హైదరాబాద్‌లో ఏ లేబర్ అడ్డా దగ్గర నిలబడినా బేరం దాదాపు ఇలాగే మొదలవుతుంది: "ఇద్దరు మేస్త్రీలు, ఒక పారపని, ఇద్దరు ఆడోళ్లు కావాలె." మొదటి రెండూ పనుల పేర్లు. మూడోది పని పేరు కాదు. అయినా దానికీ ఒక రేటు ఉంది. ఆ రేటెంతో అడ్డా మీద అందరికీ తెలుసు, మిగతా రెంటికన్నా తక్కువని కూడా తెలుసు.

ఎందుకు తక్కువని అడిగితే వచ్చే జవాబు ఒకటే. "వాళ్లది తట్ట మోసే పని కదా, మేస్త్రీ పని కాదు కదా." నిజమే, పని వేరే. కానీ స్లాబ్ పోసే రోజు తడి కాంక్రీటుతో నిండిన తట్ట ఇరవై కిలోల దాకా తూగుతుంది. అది మిక్సర్ దగ్గర నుంచి చేతులు మారుతూ, తలల మీదుగా పైకి చేరాలి. మాల్ గట్టిపడేలోపు ఆగడానికి లేదు. కాబట్టి శ్రమ తక్కువని ఎవరూ అనలేరు. తేడా అంతా నైపుణ్యం అన్న మాటలో ఉంది.

మేస్త్రీ అయ్యేది ఎలాగో చూస్తే ఆ మాట సంగతి తేలుతుంది. అడ్డా మీది మేస్త్రీల్లో ఎక్కువమంది ఏ శిక్షణ కేంద్రం మెట్లూ ఎక్కినవాళ్లు కారు. పారపనికి వచ్చిన కుర్రాడు మధ్యాహ్నం అన్నాల వేళ తాపీ చేతిలోకి తీసుకుంటాడు. మేస్త్రీ అతనికి ముందు తేడా వచ్చినా బయటపడని చోటే ఇస్తాడు: వెనకవైపు పిట్టగోడ, టైల్స్ కింద దాగిపోయే బాత్రూం గోడ. తూకం గుండు వదలడం, రసమట్టం పెట్టి చూడడం అక్కడే వంటబడతాయి. మూడు నాలుగేళ్లలో అతను మేస్త్రీ రేటు అడుగుతాడు. అదే అన్నాల వేళ తట్టపని చేసే ఆమె చంటిదానికి తినిపిస్తూనో, మధ్యాహ్నానికి నీళ్లు పడుతూనో ఉంటుంది. ఖాళీగా ఉండి తాపీ ముట్టుకున్నా "నీకెందుకమ్మా అది" అన్న మాట వస్తుంది. పదేళ్ల తర్వాత కూడా ఆమె తట్టపనిలోనే ఉంటుంది. కూలి పెరిగితే అది ఊరందరితోపాటు పెరిగిందే.

అంటే పొద్దున అడ్డా మీద కనిపించే తేడా ఆ పొద్దున పుట్టింది కాదు. ఎన్నో మధ్యాహ్నాల ముందే పుట్టింది. ఆడ, మగ జీతాల తేడా మీద సాగే చర్చ చాలావరకు "ఒకే పనికి ఒకే జీతం ఇస్తున్నారా" అన్న ప్రశ్న దగ్గరే తిరుగుతుంది. ఆ ప్రశ్నకు చాలాచోట్ల "ఇస్తున్నాం" అనే జవాబు నిజాయతీగానే చెప్పొచ్చు. తేడా మాత్రం అలాగే ఉంటుంది.

చట్టానికి ఈ చిక్కు తెలియనిది కాదు. రాజ్యాంగంలోని 39(డి) అధికరణం స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అంది. అది ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకు వెళ్లలేం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడికను భారత్ 1958లో ఆమోదించింది. 1975లో ఆర్డినెన్స్, 1976లో సమాన వేతన చట్టం వచ్చాయి. ఆ చట్టం "ఒకే పని" అని వదిలేయకుండా "ఒకే పని లేదా అదే తరహా పని" అంది. ఆ రెండో సగం ఎంత అవసరమో 1987లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన మెకిన్నన్ మెకంజీ కేసులో తేలింది. ఆ కంపెనీలో స్టెనోగ్రాఫర్లు ఉండేవారు, "కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్లు" ఉండేవారు. రెండో వర్గానికి జీతం తక్కువ. లేడీ స్టెనోగ్రాఫర్లు పెద్ద అధికారుల దగ్గర పనిచేస్తారు, వాళ్లదో ప్రత్యేక వర్గం అని కంపెనీ వాదించింది. ఆడ్రీ డికోస్టా అనే ఉద్యోగిని దీన్ని సవాలు చేశారు. చిన్నాచితకా తేడాలు కాకుండా నిజంగా చేసే పనేమిటో చూడాలని కోర్టు తేల్చింది. కంపెనీ ఆర్థిక స్థితి బాగాలేకపోవడం సాకు కాదని కూడా చెప్పింది.

అడ్డా మీది "ఆడోళ్లు", ఆ ఆఫీసులోని "లేడీ స్టెనోగ్రాఫర్" ఒకే కొమ్మకు కాసినవి.

ఇప్పుడు 1976 చట్టం స్థానంలో వేతనాల కోడ్, 2019 ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దీని 3వ సెక్షన్ వేతనాల్లోనే కాక నియామకాల్లోనూ లింగ వివక్షను నిషేధిస్తుంది. సమానం చేయడానికని ఎక్కువ ఉన్నవాళ్ల వేతనం తగ్గించకూడదనీ అంటుంది. నిర్వచనంలో జరిగిన ఒక మార్పు మాత్రం గమనించాలి. పాత చట్టంలో అదే తరహా పని అనడానికి నైపుణ్యం, శ్రమ, బాధ్యత చూసేవారు. కొత్తదాంట్లో వీటికి "అనుభవం" తోడయింది. వినడానికి సబబుగానే ఉంది. కానీ పిల్లల కోసం మూడేళ్లు ఆగి తిరిగి చేరిన మనిషికి అనుభవం లెక్కలోనే మూడేళ్లు కోత పడుతుంది. ఈ ఒక్క మాట యజమానుల చేతికి మంచి డాలు అవుతుందనే అనుకోవాలి.

ఇంకో పరిమితి పాతదే. పోలిక ఒకే యజమాని కింద ఉన్నవాళ్ల మధ్యే చేయాలి. హైటెక్ సిటీలో ఏ టవర్‌లోకి వెళ్లినా ఊడ్చి తుడిచే హౌస్‌కీపింగ్‌లో ఎక్కువగా ఆడవాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీలో ఎక్కువగా మగవాళ్లు కనిపిస్తారు. తరచుగా ఒకరిది ఒక ఏజెన్సీ, ఇంకొకరిది మరో ఏజెన్సీ, పై అంతస్తుల్లోని ఉద్యోగులది అసలు కంపెనీ. ఒకే లిఫ్టులో తిరిగినా చట్టం దృష్టిలో వీళ్లు ముగ్గురు యజమానుల మనుషులు, పోల్చడానికి లేదు. కనీస వేతనాల పట్టికలో ఆడ, మగ రేట్లు వేరుగా ఉండవు. నైపుణ్యం లేని, కొంత నైపుణ్యం ఉన్న, నైపుణ్యం ఉన్న అనే మెట్లు ఉంటాయి. ఎవరి పనిని ఏ మెట్టు మీద పెట్టారన్నదే అసలు లెక్క.

ఆఫీసుల్లో ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఊహా కంపెనీతో చూద్దాం. 100 మంది ఉద్యోగులు: 60 మంది మగవాళ్లు, 40 మంది ఆడవాళ్లు. మూడే గ్రేడ్‌లు. మొదటి గ్రేడ్ ఏడాదికి 5 లక్షలు, రెండోది 12 లక్షలు, మూడోది 30 లక్షలు. గ్రేడ్ ఒకటైతే ఆడ, మగ జీతంలో రూపాయి తేడా లేదు. మగవాళ్లు వరసగా 24, 24, 12 మంది. ఆడవాళ్లు 28, 10, 2. మగవాళ్ల సగటు 12 లక్షల 80 వేలు, ఆడవాళ్ల సగటు 8 లక్షలు. తేడాను మగవాళ్ల సగటుతో భాగించి శాతం కడితే 37.5. సగటు బదులు మీడియన్ తీసుకుంటే, అంటే వరసలో సరిగ్గా మధ్యలో నిలబడ్డ మనిషి జీతం చూస్తే, మగవాళ్లది 12 లక్షలు, ఆడవాళ్లది 5 లక్షలు. తేడా 58 శాతం దాటింది. గ్రేడ్‌వారీగా చూస్తే సున్నా.

ఒకే కంపెనీ, ఒకే నెల, మూడు అంకెలు. మూడూ నిజమే. హెచ్‌ఆర్ విభాగం సున్నా చూపిస్తుంది, యూనియన్ ఉంటే 58 చూపిస్తుంది.

ఆర్థికవేత్తలు ఈ తేడాను రెండు ముక్కలు చేస్తారు. 1973లో ఓహాకా, బ్లైండర్ విడివిడిగా ప్రతిపాదించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. చదువు, అనుభవం, చేసే పని లాంటి వాటివల్ల వచ్చిన తేడా ఒక ముక్క, వాటితో తేలనిది రెండో ముక్క. రెండోదాన్నే వివక్ష కింద జమకట్టడం అలవాటు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ప్రమోషన్‌లోనే పక్షపాతం ఉంటే, గ్రేడ్‌ను కారణంగా లెక్కలో పెట్టగానే ఆ పక్షపాతం మొదటి ముక్కలోకి జారిపోయి "వివరణ దొరికిన తేడా" అయిపోతుంది. జ్వరం ఉన్నవాళ్లను పక్కన పెట్టి వార్డులో సగటు వేడి కొలిచినట్టు. గ్రేడ్ లేకుండా ఒకసారి, గ్రేడ్‌తో ఒకసారి రెండు లెక్కలూ కట్టాలి. రెంటి మధ్య ఉన్న ఖాళీయే ప్రమోషన్ల సంగతి చెబుతుంది.

లెక్క చెడే చోటు ఇంకోటి ఉంది. జీతాల సర్వే జీతం ఉన్నవాళ్లనే చూస్తుంది. చాలదని మానేసిన మనిషి అందులోంచి తప్పుకుంటుంది, మిగిలినవాళ్ల సగటు పెరుగుతుంది, తేడా తగ్గినట్టు కనిపిస్తుంది. కేంద్రం ఉపాధి లెక్కల కోసం చేసే పీఎల్ఎఫ్ఎస్ సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామికశక్తిలో ఉన్నవాళ్లు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. అదే ఏడాది మగవాళ్లలో 78.8 శాతం. ఆడవాళ్ల అంకె పెరిగిన మాట నిజమే కానీ అందులో పెద్ద వాటా స్వయం ఉపాధిది. ఇంటి పొలంలో, ఇంటి కొట్లో జీతం లేకుండా చేసే పని కూడా ఆ పద్దులోకే వస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మొదటి ఆఫర్ దగ్గర తేడా పెద్దగా ఉండదు. క్యాంపస్‌లో ప్యాకేజీ అందరికీ ఒకటే. తేడా ముదిరేది అప్రైజల్ గదిలో. ప్రసూతి సెలవు సంగతే చూడండి. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల పూర్తి వేతనం ఇవ్వాలి. అది ఇస్తారు కూడా. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచే అప్రైజల్ ఏడాదిలో ఆమె ఆరు నెలలే ఉంది కాబట్టి మధ్యస్థ రేటింగ్ ఇచ్చి సరిపెడతారు. 12 లక్షల మీద పక్క సీటు అతనికి 11 శాతం హైక్, ఆమెకు 6 శాతం అనుకుందాం. 13 లక్షల 32 వేలు, 12 లక్షల 72 వేలు. తేడా 60 వేలు, అంటే నెలకు 5 వేలు. ఆ తర్వాత ఏ వివక్షా లేకుండా ఇద్దరికీ ఏటా 10 శాతం చొప్పునే పెరిగినా పదో ఏడాదికి తేడా లక్షా 41 వేలు దాటుతుంది. పదేళ్లూ కలిపితే సుమారు 9 లక్షల 56 వేలు. మధ్యలో కంపెనీ మారి, కొత్త కంపెనీ "ప్రస్తుత సీటీసీ (ఏడాది మొత్తం ప్యాకేజీ) మీద 30 శాతం" అంటే ఆ పాత రేటింగ్ కొత్త ఆఫర్ లెటర్లోకి కూడా వెంట వస్తుంది. కొత్త కంపెనీకి ఆ రేటింగ్ సంగతే తెలియదు. పాత జీతం అడగకుండా పోస్టుకు ఇంత అని ముందే శ్రేణి ప్రకటిస్తే ఈ గొలుసు అక్కడితో తెగుతుంది.

ఆ 26 వారాల ఖర్చు ఎవరు మోస్తారన్నది విడిగా చూడాలి. నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కిందికి వచ్చేవాళ్లకు ఆ డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. అంతకు మించితే మొత్తం యజమానే భరించాలి. 50 మంది, ఆపైన ఉద్యోగులుంటే క్రెచ్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు కూడా యజమానిదే. ప్రైవేటు రంగంలో తండ్రికి చట్టబద్ధమైన సెలవు లేదు. కాబట్టి పాతిక ముప్పై మంది ఉన్న చిన్న కంపెనీ యజమాని ఆడమనిషిని చేర్చుకోవడమే అదనపు ఖర్చు అని మనసులో లెక్కేసుకుంటాడు. ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడు?" అన్న ప్రశ్న వచ్చేది ఆ లెక్కలోంచే. హక్కు మంచిదే, బిల్లు తప్పు చిరునామాకు వెళుతోంది. ఈఎస్ఐ తరహాలో అందరి చందాతో నడిచే నిధి నుంచి ఇస్తే ఆడ, మగ నియామకాల మధ్య ఈ ఖర్చు తేడా పోతుంది.

గంటల సంగతి మరీ మొండిది. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఎత్తిచూపింది దీన్నే: కొన్ని ఉద్యోగాలు ఎక్కువ గంటలకు, ఏ వేళ పిలిచినా పలకడానికి, గంట లెక్కకు మించి జీతం ఇస్తాయి. ఆశపోతు ఉద్యోగాలు అనొచ్చు. గచ్చిబౌలిలో వాటిని గుర్తుపట్టడం తేలిక. రాత్రి తొమ్మిదింటికి అమెరికా క్లయింట్ కాల్, శనివారం అర్ధరాత్రి రిలీజ్, రెండు వారాల్లో ఆన్‌సైట్‌కు బయల్దేరమనే మెయిల్. అలాంటి సీటు ఇంట్లో ఒకరు తీసుకోవాలంటే రెండోవాళ్లు ఆరింటికి ఇంట్లో ఉండాలి. 2024 టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లనే లెక్కలోకి తీసుకుంటే, ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. తేడా 3 గంటల 21 నిమిషాలు. తొమ్మిదింటి కాల్‌కు ఎవరు కూర్చుంటారో ఆ అంకెలోనే తెలిసిపోతుంది.

ఇందులో దూరం కూడా కలుస్తుంది. ఉప్పల్‌లో ఇల్లు, మాదాపూర్‌లో ఆఫీసు అయితే రోజులో రెండు మూడు గంటలు ప్రయాణానికే. ఆ గంటలు చేతిలో లేని మనిషి ఇంటి దగ్గర్లో దొరికే తక్కువ జీతానికి ఒప్పుకుంటుంది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, తక్కువ జీతం వాళ్ల లెక్కను కొంత మార్చింది. నెల పాస్ డబ్బు మిగిలితే ఇంకో నాలుగు స్టాపుల అవతల ఉన్న పని కూడా గిట్టుబాటు అవుతుంది. టైమ్ మాత్రం బస్సు ఉచితం చేయలేదు.

టీచర్లనే తీసుకోండి. నగరంలో ప్రైవేటు బడుల్లో ఒకటి నుంచి ఐదు దాకా చెప్పేవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు, జేఈఈ బ్యాచ్‌లకు లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవాళ్లలో అత్యధికులు మగవాళ్లు. రెండో వర్గం ప్యాకేజీ మాట్లాడుకుంటుంది, మొదటి వర్గం జీతం అడుగుతుంది.

మిథాలీ రాజ్ పెరిగిన ఊరు కాబట్టి క్రికెట్ ముచ్చటా ఒకటి. ఆమె 2022 జూన్‌లో ఆట నుంచి తప్పుకున్నారు. అదే అక్టోబరులో బీసీసీఐ ఆడ, మగ క్రికెటర్లకు సమాన మ్యాచ్ ఫీజు ప్రకటించింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. ఒకే పనికి ఒకే వేతనం అన్నదానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ దొరకదు. కానీ అప్పటి వార్షిక కాంట్రాక్టుల్లో మగవాళ్ల పై గ్రేడ్ 7 కోట్లు, ఆడవాళ్ల పై గ్రేడ్ 50 లక్షలు. పైగా ఆడవాళ్లకు దొరికే టెస్టులే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రేటు సమానమైంది, పని దినాలు కాలేదు.

ఇక వేతనమే లేని చోట తేడా ఎలా కొలుస్తారు? నగరం చుట్టూ ఉన్న ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలే వస్తాయి. మొగుడు, పెళ్లాం, తోడుగా ఇంకొకరు కలిస్తే ఒక యూనిట్, వాళ్ల భాషలో పథూరియా. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. అడ్వాన్స్ సీజన్‌కు ముందే ఊళ్లో మగమనిషి చేతికి వస్తుంది, ఖాతా అతని పేరు మీదే నడుస్తుంది. మట్టి తొక్కి, ముద్దలు అందించి, పచ్చి ఇటుక తిప్పి ఆరబెట్టే ఆమెకు ఖాతాలో గీత కూడా ఉండదు. తేడా ఎంత శాతం అంటే చెప్పలేం. భాగించడానికి అంకె ఉండాలి కదా. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాతబస్తీ ఇళ్లల్లో వాటికి రాళ్లు అద్దే ఆడవాళ్లకు కూలి జతల లెక్కన. జత రేటు పెరిగిందా లేదా అని చూస్తే చాలదు. సొంతంగా పెట్టుకున్న సరుకు, బొగ్గు, కరెంటు ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని పట్టిన గంటలతో భాగిస్తేనే అసలు కూలి తెలుస్తుంది.

అంగన్‌వాడీల విషయంలో పేరు మహిమ మరీ స్పష్టం. వాళ్లకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. తెలంగాణలో 2021 పెంపుతో టీచర్‌కు నెలకు 13,650, ఆయాకు 7,800 రూపాయలయ్యాయి. గౌరవ వేతనం అన్నందుకు కనీస వేతనం వర్తించదన్నారు, గ్రాట్యుటీ లేదన్నారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అది కూడా వేతనమే అని, అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. పనిలో ఏమీ మారలేదు, దాన్ని పిలిచే మాట మారింది, హక్కు వచ్చింది.

కంపెనీల్లో సంగతి బయటి నుంచి చూడాలంటే ఇప్పుడో దారి ఉంది. మార్కెట్ విలువలో తొలి 1000 లిస్టెడ్ కంపెనీలు స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం వార్షిక నివేదికతో బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) అనే పత్రం ఇవ్వాలి. హైదరాబాద్ ఫార్మా, ఐటీ కంపెనీల్లో పెద్దవన్నీ ఈ పరిధిలోకి వస్తాయి. అందులో మానవ హక్కులకు సంబంధించిన 5వ సూత్రం కింద ఆడ, మగ మీడియన్ వేతనాలు వేరుగా ఉంటాయి. మొత్తం వేతనాల్లో ఆడవాళ్ల వాటా ఎంత శాతమో కూడా అక్కడే చూడాలి. రెండో అంకెతో చిన్న లెక్క కట్టొచ్చు. పై ఊహా కంపెనీలో ఆడవాళ్లు 40 శాతం, వేతనాల్లో వాళ్ల వాటా 29.4 శాతం. 29.4ను 40తో, 70.6ను 60తో భాగించి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.625. అంటే రూపాయికి అరవై రెండున్నర పైసలు. మీడియన్ పట్టిక చూసేటప్పుడు "ఉద్యోగులు", "కార్మికులు" అన్న వర్గాలు విడివిడిగా చదవాలి. ఒకదానిలో తేడా లేకపోయినా రెండోదానిలో దాగి ఉండొచ్చు.

కంపెనీ తనంతట తాను లెక్క చూసుకోవాలనుకుంటే మార్చి నెల జీతాల పట్టిక మొత్తం తీయాలి. మూల వేతనంతో ఆగకుండా వేరియబుల్ పే, జాయినింగ్ బోనస్, రిటెన్షన్ బోనస్, షేర్లు అన్నీ కలపాలి. బేరం ఎక్కువగా నడిచేది వాటిలోనే, తేడా పెరిగేదీ వాటిలోనే. సెలవులో ఉన్నవాళ్లను తీసేయకుండా పూర్తి జీతంతో లెక్కపెట్టాలి. ఆఫర్, రేటింగ్, ప్రమోషన్, రాజీనామా అనే నాలుగు గుమ్మాల దగ్గర ఆడ, మగ శాతాలు పక్కపక్కన రాయాలి. ఐదారుగురే ఉన్న గ్రేడ్‌లో సగటును నమ్మకూడదు, ఒక్క మనిషి మారితే అంకె తారుమారవుతుంది. చాలా కంపెనీలు చేసే తప్పు ఒకటుంది: తేడా కనిపించగానే ఒక విడత పెంపు ఇచ్చి ఊరుకుంటాయి. ఆఫర్ కట్టే పద్ధతి మారదు, రెండేళ్లలో తేడా మళ్లీ మొదటికొస్తుంది.

ఉద్యోగి వైపు నుంచి చూస్తే, తక్కువ చెల్లించారన్న క్లెయిమ్‌కు కోడ్ 3 ఏళ్ల గడువు ఇస్తుంది. తేలిన మొత్తానికి అదనంగా పది రెట్ల దాకా పరిహారం పడొచ్చు. చెల్లించామని రుజువు చేయాల్సింది యజమానే. కానీ పని అదే తరహాది అవునా కాదా అన్న గొడవ ముందు తేలాలి. అక్కడ డిజిగ్నేషన్ కన్నా పని పంచుతూ వచ్చిన మెయిళ్లు, టికెట్లు, షిఫ్ట్ చార్టులే గట్టి సాక్ష్యం. అవన్నీ ఆఫీసు లాప్‌టాప్‌లోనే ఉండి, ఉద్యోగం పోయిన రోజే లాగిన్ కూడా పోవడం మామూలే.

అడ్డా మీద మెయిళ్లూ లేవు, రిజిస్టరూ లేదు. ఏ రోజు యజమాని ఆ రోజే. అక్కడ మిగిలిన దారి తాపీ చేతికి రావడమే. మాదాపూర్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ 1998 నుంచి నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తోంది, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. పెద్ద బిల్డర్ దగ్గర అది పనికొస్తుంది. అడ్డా దగ్గర మాత్రం కాంట్రాక్టర్ మనిషి సర్టిఫికెట్ అడగడు. "ఇంతకుముందు ఎక్కడ గోడ కట్టినవ్?" అని అడుగుతాడు.